స్లైడ్‌లోకి వీడియో వచ్చిన దారి

ప్రెజెంటేషన్‌లో యూట్యూబ్ వీడియో పెట్టడం ఇవాళ రెండు నిమిషాల పని. లింకు కాపీ చేసుకుని ఇన్సర్ట్ మెనూలో అతికిస్తే సరి. దీన్ని సాంకేతికత ఇచ్చిన సౌకర్యంగానే అందరం చూస్తున్నాం. కానీ ఉపన్యాసం మధ్యలో కదిలే బొమ్మ చూపించే ఆనవాయితీని మొదటి నుంచీ పరికిస్తే మరో సంగతి బయటపడుతుంది. దాదాపు మూడున్నర శతాబ్దాల పాటు, చూపించేవాడి దగ్గరే బొమ్మ ఉండేది. గాజు పలకగానో, ఫిల్ము చుట్టగానో, ఫైలుగానో అతని చేతికి అందేది. ఆన్‌లైన్ వీడియోతో అది చేయి దాటిపోయింది. అతనికి మిగిలింది దాని చిరునామా ఒక్కటే. ఇందుకు మనం చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదని నా వాదన.

బొమ్మను కదిలించాలన్న కోరిక ప్రొజెక్టర్‌తో పాటే పుట్టింది. 1659లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ మ్యాజిక్ లాంతరు (దీపం వెలుగుతో గాజు పలక మీది బొమ్మను తెర మీద వేసే పెట్టె) కోసం నోటు పుస్తకంలో గీసుకున్న బొమ్మలు ఒక అస్థిపంజరానివి. అది తన పుర్రెను తానే ఊడదీసి చేత్తో పట్టుకుంటుంది. అంటే లాంతరు గురించి మనకు దొరికిన తొలి ఆధారాల్లోనే కదలిక ఉంది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఎలుకలు మింగే మనిషి స్లైడ్ అంటే జనం పడి చచ్చేవారు. గడ్డం మనిషి ఒకడు మంచం మీద నిద్రపోతుంటాడు, నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, ఎలుకలు ఒకదాని వెనక ఒకటి అందులో దూరుతుంటాయి. చెక్క చట్రంలో ఒకదాని మీద ఒకటి అమర్చిన గాజు పలకలే అందులోని కిటుకంతా. పిడి తిప్పితే ఎలుకలున్న పలక గుండ్రంగా తిరుగుతుంది, మీట లాగితే దవడ ఆడుతుంది. 1882లో ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జూప్రాక్సిస్కోప్ అనే తన ప్రొజెక్టర్‌తో గుర్రాన్ని తెర మీద పరిగెత్తించినప్పుడు కదిలే బొమ్మ వినోదం స్థాయి దాటి, గుర్రం పరిగెత్తే తీరుకు రుజువు అయింది. మన దేశంలో కల్యాణ్‌కు చెందిన మహాదేవ్ పట్వర్ధన్ 1892లో 'శాంబరిక్ ఖరోలికా' పేరుతో లాంతరు ప్రదర్శనలు మొదలుపెట్టాడు. చేత్తో రంగులద్దిన గాజు పలకలు ఒకటొకటిగా మారుతుంటే, పక్కన కథ చెప్పేవారు. వీళ్లందరికీ ఉన్న బలం ఒకటే. పెట్టె మోసుకెళ్లి దీపం వెలిగించగలిగిన చోటల్లా వాళ్ల ప్రదర్శన నడిచేది.

దూరం నుంచి బొమ్మ తెప్పించుకునే ప్రయత్నం కూడా కొత్తదేమీ కాదు. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఇచ్చిన ప్రదర్శనకు దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని మెన్లో పార్క్ నుంచి మైక్రోవేవ్ లింకు మీద వీడియో వచ్చింది. మాట్లాడేవాడి వెనక పెద్ద తెర, దాని మీద మరో ఊళ్లో కూర్చున్న సహోద్యోగి ముఖం! నేటి ఆన్‌లైన్ వీడియో స్లైడ్‌కు పూర్వరూపం అదే. మన పల్లెలకు సంబంధించిన ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఇస్రో, నాసా కలిసి నడిపిన 'సైట్' ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు తెలుగు కార్యక్రమాలు వచ్చేవి. ఆ ఉపగ్రహం నాసాది. ఏడాది గడువు తీరాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఊళ్లో టీవీ పెట్టె ఉంది, యాంటెన్నా ఉంది, చూసే జనం ఉన్నారు, బొమ్మ మాత్రం పైనుంచి రావడం ఆగిపోయింది. సైట్ గొప్ప ప్రయోగమే, మన ఇన్సాట్ ఉపగ్రహాలకు దారి వేసింది కూడా. అయినా బొమ్మ పరాయి చేతిలో ఉంటే ఏమవుతుందో యాభై ఏళ్ల కిందటే అది చూపించింది.

ఇక కంప్యూటర్ స్లైడ్ సంగతికి వస్తే, రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ తయారుచేసిన పవర్‌పాయింట్ 1987లో మాకింటోష్ మీద వచ్చినప్పుడు అందులో వీడియో మాట దేవుడెరుగు, రంగులే లేవు. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే షీట్లు అచ్చు వేసుకోవడానికే అది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ దాన్ని తయారుచేసిన కంపెనీని 1.4 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 1992 నాటి 3.0 వెర్షన్‌తో వీడియో ముక్కలు స్లైడ్‌లోకి వచ్చాయి. కానీ ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు వీడియో ఫైలు మామూలుగా ప్రెజెంటేషన్ బయటే ఉండిపోయేది, అది ఏ ఫోల్డర్‌లో ఉందన్నది మాత్రమే స్లైడ్‌కు గుర్తుండేది. గదిలో ఆడిన వీడియో సెమినార్ హాల్లో ఆడకపోవడం ఆ రోజుల్లో మామూలు కష్టం. 2010 వెర్షన్ ఆ కష్టాన్ని తీర్చింది, వీడియోను ఫైలు లోపలే దాచింది. అదే వెర్షన్ వెబ్‌సైట్ వీడియోను స్లైడ్‌లో పెట్టే వీలూ ఇచ్చింది. రెండు దారులూ ఒకేసారి తెరుచుకున్నాయి. జనం తేలికైన రెండో దారి పట్టారు.

ఆ రెండో దారిని కాస్త దగ్గరగా చూడాలి. యూట్యూబ్ పేజీ నుంచి ఎంబెడ్ కోడ్ కాపీ చేసి పెట్టెలో అతికిస్తే స్లైడ్ మీద నల్లటి దీర్ఘచతురస్రం కనిపించేది. షో నడిపినప్పుడు అది ఫ్లాష్ ప్లేయర్‌ను పిలిచేది, ప్లేయర్ నెట్‌ను పిలిచేది, నెట్ వీడియోను పిలిచేది. అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు స్వస్తి చెప్పింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయరే బొమ్మ ఆడించడం మానేసింది. వీడియో యూట్యూబ్‌లో ఉంది, ప్రెజెంటేషన్ ఫైలు భద్రంగా ఉంది, మధ్యలో వంతెన కూలిపోయింది. పదేళ్లు నిండి నిండకుండానే ఆ పద్ధతిలో పెట్టిన వీడియోలన్నీ నల్లటి గళ్లుగా మిగిలాయి. 19వ శతాబ్దపు ఎలుకల స్లైడ్‌ను మాత్రం ఇవాళ్టికీ లాంతరు ముందు పెట్టి పిడి తిప్పితే ఆడుతుంది.

గాజు పగలలేదా, ఫిల్ము కాలిపోలేదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, బోలెడన్ని పోయాయి. కానీ పలక పగిలితే దాని యజమానికి ఆ క్షణమే తెలిసేది. మరొకటి గీయించుకునేవాడు. ఆన్‌లైన్ వీడియోను దాని సొంతదారు తీసేస్తే, పాఠం మధ్యలో పిల్లల ముందు నొక్కినప్పుడే మనకు తెలుస్తుంది. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. పల్లె బడిలో పంతులు గుండె కొట్టుకునే తీరును చూపించగలిగాడంటే ఆన్‌లైన్ వీడియో పుణ్యమే. 16 ఎంఎం ప్రొజెక్టర్ ఆ బడి గడప ఏనాడూ తొక్కలేదు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఈ మేలును నేను ఏమాత్రం తగ్గించి చెప్పను. అయితే ఆ మేలు వీడియో దొరకడం వల్ల వచ్చింది, దాన్ని లింకుగానే ఉంచడం వల్ల కాదు. మూడో అభ్యంతరం కాపీరైట్. లింకు పెడితే తయారుచేసినవారి హక్కు వారికే ఉంటుంది, డౌన్‌లోడ్ చేసుకుంటే యూట్యూబ్ నిబంధనలు ఒప్పుకోవు. ఇది న్యాయమైన మాట. మన 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బోధన కోసం కొంత వెసులుబాటు ఇచ్చినా, ఆ వెసులుబాటుకు వీడియో సైట్లు చోటు పెట్టలేదు. చట్టం ఒప్పుకున్న దాన్ని సైటు నిబంధన అడ్డుకుంటుంటే, ఉపాధ్యాయులకు భద్రంగా దాచుకునే దారి చూపాల్సింది ప్రభుత్వాలూ విశ్వవిద్యాలయాలే. ప్రజల డబ్బుతో తీసిన పాఠాల వీడియోలనైనా దాచుకోదగ్గ ఫైళ్లుగా ఇవ్వడానికి అడ్డేమిటి?

అప్పటిదాకా పాఠాలు తయారుచేసే ప్రతి ఒక్కరినీ కోరేది ఇదే. వీడియో మీ సొంతమైనా, దాచుకునే అనుమతి ఉన్నదైనా ఫైలు లోపలే పెట్టండి. పరాయిదైతే లింకు కింద దాని పేరు, తీసినవారి పేరు, మీరు చూసిన తేదీ తెలుగులో రాసిపెట్టండి. అది ఆడని రోజున మరొకరు వెతికి పట్టుకోవడానికి ఆ మూడు ముక్కలే ఆధారం.