కాగితపు తెలుపే వెలుగు

నీటిరంగుల ప్రకృతిచిత్రంలో వెలుగంటే కాగితపు తెలుపే. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో చిత్రకారులు మొదట రేఖలు గీసి, బూడిదవర్ణంతో నీడలు దిద్ది, ఆపైన పలుచని రంగులు పూసేవారు. టర్నర్ (1775–1851) కూడా ఆ పద్ధతిలోనే నేర్చాడు. పిదప దానిని తలకిందులు చేశాడు. తడికాగితంపై ఆకాశానికీ, నీటికీ, నేలకీ విశాలమైన రంగుపొరలు ముందుగా పరచేవాడు. ఒకటి ఆరేలోగా మరొకటి మొదలుపెట్టేవాడు. ఆరిన పొరలపై కొండలూ చెట్లూ రూపుదిద్దుకొనేవి. చివరగా, రంగు కింద మరుగైన తెలుపును తుడిచీ గీకీ మళ్ళీ బయటికి తెచ్చేవాడు.

తొలిదశలోనే ఆగిపోయిన ఇటువంటి కాగితాలు ఎన్నో ఆయన మరణానంతరం, 1856లో, బ్రిటిష్ జాతి సొత్తయ్యాయి. వాటిని ఆయన ఎన్నడూ ప్రదర్శించలేదు. అసంపూర్ణాలని నాడే పారవేసి ఉంటే, పూర్తయిన చిత్రాలలో కప్పబడిపోయిన ఆ తొలి పొరలు మన కంటపడేవి కావు.