చిలకలపూడి పాండురంగ ఉత్సవాలు

కృష్ణా జిల్లా మచిలీపట్నంలోని చిలకలపూడి పాండురంగస్వామి ఆలయంలో ఏటా కార్తిక శుద్ధ ఏకాదశి మొదలు పౌర్ణమి వరకు జరిగే తిరునాళ్లు చిలకలపూడి పాండురంగ ఉత్సవాలు. ఇవి అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి.

మహారాష్ట్రలోని పండరిపుర విఠలుని ఆరాధనా సంప్రదాయంలో భక్త నరసింహం ఈ ఆలయాన్ని 1929లో నెలకొల్పారు. పండరిపురంలో మాదిరిగానే ఇక్కడా భక్తులు స్వామి పాదాలను స్వయంగా తాకి మొక్కుకోవచ్చు. ఆంధ్ర దేవాలయాల్లో ఇది అరుదైన ఆచారం. ఏకాదశినాడు ఉపవాసం, ద్వాదశినాడు పారణ. పౌర్ణమినాడు రద్దీ పతాకస్థాయికి చేరుతుంది. పట్టణానికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలోని మంగినపూడి తీరంలో సముద్రస్నానం చేసి, చాలామంది అక్కడి నుంచి పాండురంగని దర్శనానికి వస్తారు. 

ఉత్సవాలకు బందరు (మచిలీపట్నం) వచ్చినవారు ఇంటికి పట్టుకెళ్లే మిఠాయిల్లో మొదటిది తొక్కుడు లడ్డు. దీన్నే బందరు లడ్డు అనీ అంటారు. ఉత్తరాది నుంచి వలసవచ్చిన బొందిలీలు దీన్ని ఇక్కడ ప్రవేశపెట్టారని ప్రతీతి. శనగపిండిని పూసగా వత్తి నేతిలో వేయించి, రోట్లో దంచి జల్లెడ పడతారు. ఆ పొడికి బెల్లం పాకం కలిపి, నెయ్యి పోస్తూ రోకలితో మళ్లీ దంచి, యాలకుల పొడి చేర్చి ఉండలు కడతారు. నోట్లో ఇట్టే కరిగే మెత్తదనం ఈ రెండో దంపుడు వల్ల వచ్చినదే. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.