నాడి ఎవరి చేతిలో?

మన సాహిత్య విమర్శలో తరచుగా వినబడే మాట ఒకటుంది: "ప్రజల నాడి పట్టిన రచయిత." పీఠికల్లోనూ, సభల్లోనూ నేనూ ఈ మాటను ధారాళంగా వాడినవాణ్ణే. నాడి పట్టడమంటే ఏమిటి, దాన్ని ఎవరు, ఎవరికోసం పట్టారు, ఎక్కడ పొరబడ్డారు అని మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ఆ ఆలోచన రేకెత్తించింది నా మణికట్టే.

నేను హఫీజ్‌పేట్‌లో ఉంటాను. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి నాడిని లెక్కించే గడియారమొకటి నా చేతికి తొడిగింది. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, గడియారం 82 అని చూపిస్తోంది గదా అని నిశ్చింతగా తిరిగాను. చివరికి రైల్వే స్టేషన్ దగ్గరున్న చిన్న క్లినిక్‌కు వెళితే, అక్కడి యువ వైద్యురాలు నా మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి నిండు నిమిషం మాట్లాడకుండా కూర్చుంది. "అంకె బాగానే ఉంది సార్, నడకే బాగాలేదు" అంది. ఇ.సి.జి. కూడా ఆ మాటే చెప్పింది. గుండె పైగదులు క్రమం తప్పి కొట్టుకుంటున్నాయి. అశ్రద్ధ చేస్తే అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం తేగలదు. లయ తప్పితే హెచ్చరించే గడియారాలూ ఉన్నాయిట. నాది ఆ రకం కాదు.

"నడక" అనే ఆ మాట కొత్తది కాదు. చరక, సుశ్రుత సంహితల్లో విస్తారంగా కనిపించని నాడీ పరీక్ష, 13, 14 శతాబ్దాల నాటిదని భావించే శార్ఙ్గధర సంహితలో స్పష్టమైన రూపం పొందింది. తెలుగు వైద్యులు తరతరాలుగా ఆశ్రయించిన బసవరాజీయంలోనూ దానికి పెద్దపీట ఉంది. మూడు వేళ్ళ కింద వాత, పిత్త, కఫాలను పాము నడకగా, కప్ప గంతుగా, హంస నడకగా గుర్తించమన్నారు. హైదరాబాద్ హకీములు "నబ్జ్" చూడటంలో ఇబ్న్ సీనా సంప్రదాయాన్ని అనుసరించారు. వేగం, లయ, బలం, ధమని గట్టిదనం - వీటిని వేళ్ళతో పసిగట్టడం నిజమైన పరిశీలన. అయితే నాడి పట్టి సకల రోగాలనూ చెప్పగలమన్న గొప్పలు పరీక్షకు నిలిచినవి కావు. వారసత్వం పేరుతో ఈ రెంటినీ కలగలపడం శాస్త్రీయ దృక్పథం అనిపించుకోదు.

19వ శతాబ్దంలో నాడి కాగితం మీది గీతగా మారింది. 1860లో ఫ్రాన్స్‌లో మారే మణికట్టు స్పందనను గీసే యంత్రాన్ని తయారుచేశాడు. పాట్నా నుంచి ఇంగ్లండు చేరిన షేక్ దీన్ మహమ్మద్ మనుమడు ఫ్రెడరిక్ మహమ్మద్, 1870లలో లండన్‌లో ఆ యంత్రాన్ని మెరుగుపరచి, పైకి ఆరోగ్యంగా కనిపించేవారిలోనూ రక్తపోటు హెచ్చుగా ఉండవచ్చునని గీతల్లో చూపించాడు.

సరిగ్గా ఆ కాలంలోనే నాడిని పక్కకు నెట్టిన తీర్పొకటి మన నగరం నుంచి వెలువడింది. 1848లో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక క్లోరోఫాం మత్తులో మరణించిన నాటినుంచి వైద్యలోకంలో ఒక వివాదం నడుస్తూ వచ్చింది. క్లోరోఫాం ముందుగా ఆపేది గుండెనా, శ్వాసనా? మత్తు ఇచ్చేవాడు నాడి చూడాలా, ఊపిరి చూడాలా? హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఊపిరి చూస్తే చాలునన్న ఎడిన్‌బరో సంప్రదాయంలో తయారైనవాడు. 1888లో ఆయన నడిపిన మొదటి కమిషన్ దానినే బలపరచింది. లండన్ పత్రిక లాన్సెట్ సందేహించింది. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1,000 పౌన్లు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను రప్పించాడు. 1889లో రెండో కమిషన్ కుక్కలూ కోతులూ మొదలైన వందలాది జంతువులపై ప్రయోగాలు చేసింది. తీర్పు మారలేదు: శ్వాస ఆగిన తర్వాతే గుండె ఆగుతుంది, కనుక శ్వాసనే గమనించాలి.

అది దండిగా ప్రయోగాలు చేసి ఇచ్చిన తీర్పు. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చదివిన రూపాబాయి ఫర్దూంజీ మత్తు ఇవ్వడంలో పేరు తెచ్చుకున్నది ఆ వాతావరణంలోనే. శ్వాసను కనిపెట్టి ఉండమన్న సలహా ఎందరినో కాపాడి ఉంటుంది కూడా. అయినా క్లోరోఫాం మరణాలు ఆగలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ కారణం చూపించాడు. మత్తు తేలికగా ఉన్నప్పుడు, భయం వంటి ఉద్రేకంతో ఒంట్లో అడ్రినలిన్ పొంగితే, గుండె కింది గదులు ఒక్కసారిగా వణికి ఆగిపోగలవు. మోతాదు క్రమంగా మించినప్పుడు ముందు ఆగేది శ్వాసే. హైదరాబాద్ ప్రయోగాల్లో ముఖ్యంగా కనిపించింది ఆ మరణమే. బల్ల మీద భయంతో పడుకున్న మనిషి మరణం వేరు. ప్రయోగాల సంఖ్య చిన్నదేమీ కాదు. అయితే అడిగిన ప్రశ్న ఇరుకైనది.

ఆ తర్వాత పరిజ్ఞానం చాలా పెరిగింది. ధమని గట్టిపడేకొద్దీ నాడీ తరంగం వేగం పుంజుకుంటుందని 1922లో బ్రాంవెల్, హిల్ సూత్రీకరించారు. నేడు నా గడియారం చర్మంలోకి పచ్చని కాంతిని పంపి, తిరిగి వచ్చే వెలుగులోని హెచ్చుతగ్గులతో నాడిని లెక్కిస్తుంది. ఇవన్నీ మనిషి శ్రమ ఫలాలే. వాటిని ఈసడించనవసరం లేదు. అడగవలసింది, కొలత ఎవరికి అక్కరకొస్తోందన్నది. 20వ శతాబ్దం తొలి దశకాల్లోనే అమెరికా బీమా కంపెనీలు రక్తపోటు కొలిచి, ఎవరికి పాలసీ ఇవ్వవచ్చునో నిర్ణయించుకున్నాయి. అదే కొలత డాక్టరు చేతిలో చికిత్సకు దారి, కంపెనీ చేతిలో లాభనష్టాల పద్దు.

మా వీధిలో తెల్లవారగానే కూలీ అడ్డా మీద నిలబడేవాళ్ళున్నారు. మాదాపూర్ అద్దాల మేడలకు సిమెంటు మోసిన ఆ చేతులకు గడియారాలు లేవు. అయితే నాడి చూడటానికి యంత్రమే అక్కర్లేదు. బొటనవేలి మొదట, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, 60 సెకన్లు ఓపిక పట్టి, వేగంతోపాటు లయనూ గమనించమని ఆశా కార్యకర్తకైనా, బడిపిల్లవాడికైనా నేర్పవచ్చు. లయ తప్పిందని తెలిస్తే ఆస్పత్రికి పంపవచ్చు.

"ప్రజల నాడి పట్టిన" అని ఇకమీద రాసేటప్పుడు నేను తటపటాయిస్తాను. లారీ కావాలని అబద్ధమాడలేదు. ముందే నమ్మినదాన్ని రుజువు చేసుకున్నాడు. మనలోనూ సిద్ధాంతం చేతపట్టుకుని మనుషుల దగ్గరికి వెళ్ళి, అది చెప్పినదే విని తిరిగివచ్చినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఆ వైద్యురాలు మాత్రం నా చేయి పట్టుకుని నిండు నిమిషం ఆగింది.