కామా మీద నడిచిన రాజద్రోహం కేసు

1916 వేసవిలో డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న ఒక తెలుగు యువకుణ్ణి, జూలై 1 లోగా దేశం విడిచి వెళ్ళమని ప్రభుత్వం ఆదేశించింది. ఐరిష్ విప్లవకారులతో సంబంధాలున్నాయని అనుమానం. ఆ యువకుడే బరంపురంలో పుట్టి, 1969లో రాష్ట్రపతి అయిన మన వి.వి.గిరి గారు. ఆయన గడువు ముగియవస్తున్న ఆ రోజుల్లోనే లండన్‌లో సర్ రోజర్ కేస్‌మెంట్ మీద రాజద్రోహం కేసు విచారణ జరిగింది.

ఐర్లండు అప్పటికి యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమే. ఏప్రిల్ 24న డబ్లిన్‌లో మొదలైన తిరుగుబాటు ఆరు రోజుల్లో అణగిపోయింది. సైనిక న్యాయస్థానాలు తలుపులు మూసుకుని విచారణ జరిపాయి. మే 3 నుంచి 12 లోగా 15 మందిని కాల్చి చంపారు. కేస్‌మెంట్‌ను మాత్రం అందరి ఎదుటా సివిల్ కోర్టులో నిలబెట్టారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన మాజీ బ్రిటిష్ కాన్సల్. కాంగోలో రబ్బరు కూలీలపై జరిగిన అకృత్యాలను బయటపెట్టిన మనిషి. యుద్ధం రాగానే జర్మనీ వెళ్ళి, అక్కడి ఐరిష్ యుద్ధఖైదీలను బ్రిటన్‌పై పోరాటానికి కూడగట్టబోయాడు. 1916 ఏప్రిల్ 21న జలాంతర్గామిలో వచ్చి కెర్రీ తీరాన దిగి దొరికిపోయాడు.

ఆయన మీద మోపిన చట్టం 1351 నాటిది, నార్మన్ ఫ్రెంచిలో రాసినది. రాజ్యంలో రాజు శత్రువుల పక్షం చేరి, వారికి రాజ్యంలో గాని మరెక్కడైనా గాని సాయపడడం నేరమంటుంది. కేస్‌మెంట్ చేసిందేమో జర్మనీలో! ‘మరెక్కడైనా’ అన్న మాట సాయానికే చెందుతుందని, రాజ్యం బయట ఉన్నవాడికి ఈ చట్టం తగలదని ఆయన న్యాయవాది సల్లివన్ వాదించాడు. దానికి ముందు విరామం ఉంటే అది మొత్తం వాక్యానికి చెందుతుంది. న్యాయమూర్తులు రికార్డు ఆఫీసులో మూల ప్రతులు తెప్పించి చూశారు. పద్యానికి అన్వయం కుదరకపోతే మన పండితులు రాత్రంతా వాదించుకుంటారు. ఇక్కడ అన్వయం మీద ఒక ప్రాణం ఆధారపడింది. జూన్ 29న ఉరిశిక్ష పడింది, అప్పీలు జూలైలో వీగిపోయింది.

నా దృష్టిలో కామా అసలు సంగతి కాదు. ఐరిష్‌వాడినైన నాకు ఇది పరాయి కోర్టు, నన్ను నా దేశంలో నా ప్రజల జ్యూరీ విచారించాలని కేస్‌మెంట్ అన్నాడు. విధేయతే లేనప్పుడు ద్రోహమెక్కడిదన్న ఆ ప్రశ్నకు 565 ఏళ్ళ నాటి చట్టంలో జవాబు లేదు. ఇంకొక విడ్డూరం: వాదించిన అటార్నీ జనరల్ ఎఫ్.ఇ.స్మిత్, అంతకు రెండేళ్ళ క్రితం స్వపరిపాలనకు వ్యతిరేకంగా ఆయుధాలు పట్టిన అల్‌స్టర్ వారిని సమర్థించినవాడే. వారిమీద ఏ కేసూ లేదు.

స్మిత్ తర్వాత బర్కెన్‌హెడ్ ప్రభువై, భారత వ్యవహారాల మంత్రిగా 1927లో సైమన్ కమిషన్‌ను నియమించాడు. దాన్ని ఎదిరిస్తూ మద్రాసులో తుపాకుల ముందు ఛాతీ చూపిన ప్రకాశం పంతులు గారు మనకు తెలుసు. విచారణకు అధ్యక్షత వహించిన లార్డ్ రీడింగ్ 1921లో మనకు వైస్రాయిగా వచ్చాడు. ఆయన హయాంలోనే 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కొయ్యూరు దగ్గర ఏ విచారణా లేకుండా కాల్చి చంపారు.

కేస్‌మెంట్‌ను 1916 ఆగస్టు 3న పెంటన్‌విల్ జైలులో ఉరితీశారు. 1909లో మదన్‌లాల్ ధింగ్రా, 1940లో ఉద్దంసింగ్ ప్రాణాలు విడిచింది కూడా అక్కడే. కేస్‌మెంట్ అవశేషాలు 1965లో డబ్లిన్ చేరాయి.