కారు ఏసీ: వెంట్లలో గాలి తగ్గడం

కారు ఏసీ వెంట్ల నుంచి గాలి జోరుగా రాకపోవడం, వచ్చిన గాలి చల్లగా లేకపోవడం రెండూ వేర్వేరు లోపాలు. చల్లదనం కంప్రెసర్, గ్యాస్‌ల పని. గాలిని తోసేది డ్యాష్‌బోర్డు వెనకున్న బ్లోయర్. ఈ తేడా చూడకుండా ముందే గ్యాస్ నింపించేవాళ్లు చాలామంది. గాలి దారే పూడుకుపోయిన కారులో ఆ ఖర్చు దండగ.

బ్లోయర్ గాలిని ముందు అద్దం అడుగున ఉండే జాలీ నుంచి గానీ, రీసర్క్యులేషన్ పెడితే కారు లోపలి నుంచి గానీ లాగుతుంది. ఆ గాలి క్యాబిన్ ఫిల్టర్‌ను, కూలింగ్ కాయిల్‌ను దాటి వెంట్లకు చేరుతుంది. రీసర్క్యులేషన్‌లో బాగా వస్తూ, బయటి గాలికి మార్చగానే తగ్గిపోతే జాలీలో ఆకులు పేరుకున్నాయేమో చూడాలి. చెట్ల కింద నిలిపే కార్లలో ఇది మామూలే. ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. దాన్ని తీసి, బ్లోయర్‌ను ఫుల్ స్పీడులో ఒక్క నిమిషం నడిపినప్పుడు గాలి పెరిగితే లోపం ఫిల్టర్‌దే. ఫిల్టరే లేని మోడళ్లలో దుమ్ము నేరుగా కాయిల్ రెక్కలకు పడుతుంది.

నాలుగు స్పీడ్ల బ్లోయర్‌లో 1, 2, 3 పనిచేయక 4 మాత్రమే పనిచేస్తే, స్పీడు తగ్గించే రెసిస్టర్ కాలిపోయినట్టే. ఫుల్ స్పీడులో కరెంటు దానితో పనిలేకుండా నేరుగా మోటారుకు వెళ్తుంది. రెసిస్టర్‌ను చల్లబరిచేది బ్లోయర్ గాలే. అందుకే పూడుకున్న ఫిల్టర్‌ను, అరిగి ఎక్కువ కరెంటు లాగుతున్న మోటారును అలాగే వదిలేస్తే కొత్త రెసిస్టర్ కూడా కాలిపోతుంది. కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి ఉంటే దాన్నీ మార్చాలి.

అన్ని స్పీడ్లలోనూ మోటారు నెమ్మదిగా తిరుగుతుంటే, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఫుల్ స్పీడులో మోటారు దగ్గర వోల్టేజి కొలవాలి. బ్యాటరీ దగ్గరున్నంత వోల్టేజి అక్కడా ఉంటే మోటారు పోయినట్టు. బాగా తక్కువ ఉంటే వైరు, కనెక్టర్, ఎర్త్‌లలో లోపం వెతకాలి.

అన్నిటికంటే తికమక పెట్టేది కాయిల్ మీద మంచు గట్టడం. బయల్దేరినప్పుడు గాలి బాగానే ఉంటుంది. కొంత దూరం పోయాక బ్లోయర్ మోత మారదు గానీ గాలి తగ్గుతూ పోతుంది. తీర ప్రాంతపు తేమ గాలిలో ఇది త్వరగా వస్తుంది. కాయిల్ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరికి రాగానే కంప్రెసర్‌ను ఆపాల్సిన సెన్సర్ ఆపకపోతే, తేమ గడ్డకట్టి రెక్కల సందులు మూసుకుపోతాయి. గ్యాస్ తగ్గినా కాయిల్‌లో కొంత భాగం ఇలా గడ్డకట్టవచ్చు. గాలి సమస్యకు గ్యాస్‌తో సంబంధం వచ్చేది ఇక్కడే. ఏసీ బటన్ ఆపి, బ్లోయర్‌ను మాత్రం నడపాలి. పది పదిహేను నిమిషాల్లో గాలి మళ్లీ పుంజుకుని, కారు కింద నీళ్లు ఎక్కువగా కారితే కారణం మంచే. షెడ్డుకు తీసుకెళ్లి ఇంజిన్ ఆపేసరికి మంచు కరిగిపోతుంది, మెకానిక్‌కు ఏమీ కనిపించదు. కాబట్టి ఎంతసేపు నడిపాక గాలి తగ్గిందో అతనికి చెప్పడం ముఖ్యం.

ముఖానికి తగలాల్సిన గాలి కాళ్ల దగ్గరో, అద్దం మీదో వస్తుంటే గాలిని మళ్లించే లోపలి తలుపు ఇరుక్కుందన్నమాట. దాన్ని తిప్పే చిన్న మోటారు పళ్లు విరిగితే డ్యాష్‌బోర్డులోంచి టకటకమని చప్పుడు వస్తుంది. బ్లోయర్ జోరుగా తిరుగుతున్నా గాలి రాకపోతే దాని చక్రం రెక్కల్లో చెత్త, ఎలుకలు పెట్టిన గూడు ఉన్నాయేమో చూడాలి. ఇవన్నీ సరిగా ఉంటే మిగిలేది మురికి పట్టిన కాయిల్. బ్లోయర్ విప్పిన సందులోంచి సన్నని కెమెరా పెట్టి దాన్ని చూడవచ్చు. కాయిల్‌ను బయటికి తీయాలంటే మాత్రం చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పక తప్పదు.