కొల్లేటి సీమ అంగళ్లలో ఒక పొట్లపు చరిత్ర

ఏలూరులోను, తాడేపల్లిగూడెములోను ఈ రెండు దశాబ్దములుగా వెలసిన సూపర్‌మార్కెట్లలో, సబ్బులు, షాంపూలు, పసిపిల్లల పౌడరు డబ్బాలు బారులుతీరిన అరల చివరనో, సొమ్ము చెల్లించు బల్లకడ చాక్లెట్ల సరసనో, గర్భనిరోధక తొడుగుల పెట్టెలు రంగురంగులుగా అమర్చియుండుట చూచి, నలుగురు కుటుంబముతో వచ్చుచోట ఇవియేమని ముఖము ముడుచువారు కొందఱు. పప్పు, ఉప్పువలె అవియు సంసారమునకు కావలసిన సరకులే కదా యని సమాధానపడువారు కొందఱు. ఈ ఉభయపక్షములవారును ఒక విషయమున మాత్రము ఏకాభిప్రాయము గలవారు: ఇది నిన్న మొన్న పట్టణపు పోకడలతో వచ్చిన క్రొత్త వింత యని యిరువురి నమ్మకము. ఆ నమ్మకము సరికాదు. ఈ సరకు మన సీమ కిరాణా కొట్లలోనికి బహిరంగముగా ప్రవేశించి అర్ధశతాబ్దికి పైబడినది. దానిని ప్రవేశపెట్టినది లాభాపేక్షగల వర్తకుడు కాదు, సాక్షాత్తు భారత ప్రభుత్వము.

అంతకు పూర్వపు కథను సంగ్రహముగా చెప్పవచ్చును. కూచిరాజు ఎఱ్ఱన కామశాస్త్ర గ్రంథమగు కొక్కోకమును తెనుగున పద్యకావ్యముగా రచించిన కాలమున లేని సంకోచము ఇరువదవ శతాబ్ది ఆరంభమునకు మన విద్యావంతులను ఆవహించెను. ముద్దుపళని శృంగారకావ్యమగు రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పరిష్కరించి వావిళ్లవారిచే ప్రకటింపజేయగా, మదరాసు ప్రభుత్వము దానిని అసభ్యమని నిషేధించెను. ఆ నిషేధము ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో గాని తొలగలేదు. సంతాన నియమనమును గూర్చిన వాదమును ఆ దినములలోనే పొడసూపినది. బొంబాయిలో రఘునాథ ధోండో కర్వే 1921లోనే అందులకై వైద్యశాలను తెఱచెను. మైసూరు సంస్థానము 1930లో ప్రభుత్వపక్షమున అట్టి కేంద్రములను నెలకొల్పెను. 1935 డిసెంబరులో అమెరికానుండి సంతాన నియమన ప్రచారకురాలు మార్గరెట్ శాంగర్ వార్ధాకు వచ్చి గాంధీజీతో వాదించినను, కృత్రిమ సాధనములకు ఆయన సమ్మతింపక బ్రహ్మచర్యమునే ఉపదేశించెను. గాంధీజీ మాట వేదవాక్యముగా చెల్లిన మన డెల్టా గ్రామములలో ఆ ప్రసంగము వీథిలోనికి వచ్చుట కవకాశము లేకపోయెను. తొడుగులన్ననో పెద్ద పట్టణముల మందుల దుకాణములలో, విదేశములనుండి దిగుమతియై, సామాన్యునికి అందని వెలకు దొరకెడివి.

స్వతంత్ర భారతము 1952లో కుటుంబ నియంత్రణమును ప్రభుత్వ కార్యక్రమముగా చేపట్టినది. పండ్రెండేండ్లు గడచిన పిదప, ఆసుపత్రులు, వైద్యులు చేరలేని పల్లెలకు ఈ సాధనమును చేర్చుటెట్లు అను ప్రశ్నకు కలకత్తాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ పండితులు 1964లో ఒక ప్రతిపాదనను సిద్ధపఱచిరి. ఆసుపత్రి లేని ఊరుండవచ్చునుగాని అంగడి లేని ఊరుండదు; అగ్గిపెట్టెయు, తేయాకు పొట్లమును ఏ త్రోవన పల్లెకు పోవుచున్నవో ఆ త్రోవనే దీనిని గూడ పంపవలెను; ఉచితముగా నిచ్చినచో జనులు చులకనగా చూతురు గనుక, వెలయుండవలెను, ఆ వెల కూలివానికి సైతము భారము గాకుండవలెను అనునది వారి ఆలోచన. దాని ననుసరించియే 1966 మార్చి 1న హిందుస్థాన్ లాటెక్స్ అను ప్రభుత్వ సంస్థ కేరళమున స్థాపితమై, జపానులోని ఒకమోటో సంస్థ సహాయముతో నిర్మించుకొనిన తిరువనంతపుర కర్మాగారమున 1969 ఏప్రిలులో ఉత్పత్తి నారంభించెను. ఈలోపల విదేశములనుండి తెప్పించిన సరకుతోనే 1968లో నిరోధ్ అను పేర అమ్మకము మొదలయ్యెను. మూడింటి పొట్లము వెల పదునైదు పైసలు. తయారీ ఖర్చులో అధికభాగము ప్రభుత్వమే భరించెడిది.

అమ్మకపు భారమును వహించిన సంస్థలు ఆఱు: బ్రూక్‌బాండు, లిప్టన్, హిందుస్థాన్ లీవరు, ఇంపీరియల్ టొబాకో, యూనియన్ కార్బైడు, టాటా ఆయిల్ మిల్లులు. ఇవి మన పల్లెవారికి క్రొత్త పేర్లు కావు. తేయాకు, సిగరెట్టు, బట్టలసబ్బు, టార్చిలైటు బ్యాటరీ అనునవి అప్పటికే గోదావరి, కృష్ణా డెల్టాల మారుమూలలకు ప్రాకియుండెను. డెల్టాలందు కాలువలే రాచబాటలు. ఏలూరు కాలువ రెండు మహానదుల నీటిని కలుపుచు వర్తకపు పడవలకును దారి యిచ్చెడిది. కొల్లేటి లంకలలోని ఊళ్లకు, వానకాలము వచ్చెనా, బుడమేరు, తమ్మిలేరుల వఱదతో సరస్సు పొంగి, పడవయో తాటిదోనెయో తప్ప అన్యగతి లేదు. పెద్దింట్లమ్మ జాతరకు ప్రసిద్ధమైన కొల్లేటికోట వంటి ఊరికి వైద్యుడు రావలెనన్నను, రోగి పోవలెనన్నను నీటిపైననే ప్రయాణము. అట్టి ఊరికిని తేయాకు పొట్లము, టార్చి బ్యాటరీ తప్పక చేరుచుండెను. రాత్రివేళ వలలకడ కాపుండు బెస్తవానికి బ్యాటరీ యెంత యవసరమో ఎఱిగిన వర్తకపు వలయము, ప్రభుత్వ యంత్రాంగముకంటె ఈ సీమను బాగుగ నెఱిగియుండెను. కలకత్తా పండితుల ఆలోచనకు ఇంతకు మించిన దృష్టాంతము వేఱొకటి యక్కఱలేదు.

సరకు పల్లెకు చేరుటకు త్రోవ దొరకినదిగాని, బల్ల కీవలనుండి ఆవలకు పోవుటకు మాత్రము సులువైన త్రోవ దొరకలేదు. మన కిరాణా కొట్టు స్వభావమే అట్టిది. వస్తువులన్నియు దుకాణదారుని వీపు వెనుక నుండును. కొనువాడు బల్లకీవల నిలిచి, నోరు తెఱచి, పేరు పెట్టి అడుగవలెను. ఆ పేరు ప్రక్కనున్న నలుగురి చెవిని పడును. ఊరిలో దుకాణదారుడెవరో కాదు, బాబాయి వరుసయో, మామ వరుసయో యగును. అతడు లేనప్పుడు బల్లకడ కూర్చుండునది అతని భార్యయో, బడినుండి వచ్చిన కుమారుడో. పైపెచ్చు మన పల్లె కొట్లు నగదు బేరముతో కాక, పంట యింటికి వచ్చువఱకు ఖాతా పుస్తకముతో నడచుచుండెను. ఖాతాలో నూనె, బెల్లము, చింతపండు వ్రాయవచ్చును. దీనిని వ్రాయుట యెట్లు? కోతలైన పిదప తండ్రియో, అన్నయో ఆ పుస్తకమును వరుసగా చదివి లెక్క తీర్చునుగదా! కావున ఇది నగదు సరకు, చీకటిపడిన తరువాతి సరకు, కొట్టులో మఱెవ్వరును లేని క్షణమున కనుసైగతో అడిగి, వార్తాపత్రిక ముక్కలో చుట్టించుకొని జేబులో వేసికొను సరకు అయిపోయినది. అమ్మకము బహిరంగమే, కొనుగోలు మాత్రము రహస్యము. ఇక ప్రాథమికారోగ్య కేంద్రములలో ఉచితముగా పంచినవాని గతి మఱియు విచిత్రము: వానిలో పెక్కింటిని పిల్లలు బుడగలుగా ఊది వీథులలో ఎగురవేయుట ఆ తరమువారందఱును ఎఱిగినదే. వెల లేని దానికి విలువ యుండదన్న మాట ఆ బుడగలతోనే ఋజువైనది.

ప్రభుత్వమునకును ఈ పొట్లముపై శ్రద్ధ చిరకాలము నిలువలేదు. గోడలపై కుటుంబ నియంత్రణ చిహ్నమగు ఎఱ్ఱ త్రికోణము, చిన్న కుటుంబపు నినాదములు నిలిచియున్నను, లెక్కలు చూపుటకు సంతాన నిరోధ శస్త్రచికిత్స మిన్నయని అధికారులు గ్రహించిరి. అత్యవసర పరిస్థితి కాలమున, 1975 మొదలు 1977 వఱకు, పురుషులపై సాగిన నిర్బంధ చికిత్సలు ఉత్తరాదిని ప్రభుత్వమునే కూలద్రోసినవి. ఆ పిదప ఏ ప్రభుత్వమును పురుషుని జోలికి పోవుటకు సాహసింపలేదు. భారమంతయు స్త్రీపై పడినది. ఆంధ్రదేశమున ఇది పరాకాష్ఠ నందినది. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో సంతానవయస్సుగల వివాహితలలో దాదాపు 70 శాతము శస్త్రచికిత్స పొందినవారు; తొడుగును సాధనముగా చెప్పినవారు నూటికి ఒక్కరును లేరు. ఏబదియేండ్లుగా అంగటిలో నున్న వస్తువు ఇంటిలోనికి రాలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? అరపై నుంచుటయు, అందుబాటులో నుంచుటయు ఒక్కటి కాదని ఈ అంకెలు చాటుచున్నవి.

రెండవ పర్యాయము ఈ సరకు వీథి కెక్కినది వ్యాధిభయము మూలమున. ఎయిడ్స్ మహమ్మారి దేశమున పొడసూపిన పిదప దక్షిణాది రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ తీవ్రముగ దెబ్బతినినది. కోస్తా జిల్లాలలో భయము మిక్కుటమయ్యెను. మదరాసు కలకత్తాల నడుమ పోవు జాతీయ రహదారి ఏలూరు, తాడేపల్లిగూడెముల చెంతనే సాగును. కొల్లేరు చుట్టును చేపల చెరువులు విస్తరించినకొలది, మంచు నింపిన పెట్టెలలో శీలావతి, బొచ్చె చేపలతో హౌరాకు పోవు లారీల సంఖ్యయు పెరిగినది. దినములకొలది ఇల్లు విడిచి త్రోవలో గడపు డ్రైవర్లు, క్లీనర్లు ఆరోగ్య ప్రచారకులకు ముఖ్యులైరి. ఇరువదొకటవ శతాబ్ది తొలియేండ్లలో రాష్ట్రమంతట గోడలపైనను, హోర్డింగులపైనను 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అను ప్రశ్న వెలసి, పులిరాజా యెవడో తెలియకయే జనులందఱచేతను పలికించెను. భార్యాభర్తలు ఏకాంతమున సైతము ఉచ్చరింపని సంగతిని బస్సులో ప్రక్కవానితో హాస్యముగా మాటాడుకొనుట కది యవకాశమిచ్చినది. అంతకు మున్నే విజయవాడనుండి వెలువడు స్వాతి వారపత్రికలో డాక్టరు సమరంగారు పాఠకుల లైంగిక సందేహములకు వైద్యుని భాషలో, వెక్కిరింపు లేక, ఉపదేశము లేక సమాధానములు వ్రాయుచు, ఆ పత్రికను గృహిణులు చదువు పత్రికగానే నిలిపియుండిరి. మాట ఇంటిలోనికి వచ్చెను. వస్తువు మాత్రము బల్ల కావలనే యుండెను.

ఆ బల్లను తొలగించినది సూపర్‌మార్కెట్టు. హైదరాబాదున 1986లో పుట్టిన త్రినేత్ర దుకాణములు 2007లో ఆదిత్య బిర్లా సంస్థ చేతికి పోయి, మోర్ అను పేర వ్యాపించుటతోను, ఇతర సంస్థలు అనుసరించుటతోను, కొనువాడే అరకడకు నడచి, చేతితో తీసికొని, బుట్టలో వేసికొను పద్ధతి జిల్లా పట్టణములకు అలవాటైనది. ఉల్లి, నూనె మొదలగు సరకుల టోకు వ్యాపారమునకు పేరుబడిన తాడేపల్లిగూడెమున సైతము చిల్లర కొనుగోలు ఈ త్రోవ పట్టినది. ఇందలి విశేషము వస్తువు కనబడుట కాదు. నోరు తెఱచి అడుగవలసిన యవసరము తప్పుట. వెనుకటి ఏర్పాటులో అడుగగలవాడు పురుషుడొక్కడే, అందులోను కొంత మొండివాడు. స్త్రీ కిరాణా కొట్టులో ఈ పేరు పలుకుట ఊహాతీతము. సూపర్‌మార్కెట్టులో బండి త్రోయునది తఱచుగా గృహిణియే. బహిష్టు కాలపు ప్యాడ్లను మందుల దుకాణదారుడు నేటికిని నల్లసంచిలో చుట్టి, దొంగసొత్తువలె అందించుచుండగా, అవే ఇచ్చట అరపై వరుసగా నిలిచి, ఆమె వెలలు సరిచూచుకొని, తనకు తగినదానిని ఏరుకొను స్వేచ్ఛ నిచ్చుచున్నవి. ఆ స్వేచ్ఛ తొడుగుల విషయమున గూడ ఆమెకు లభించుట ఏబదియేండ్ల చరిత్రలో ఇదియే ప్రథమము.

ఆక్షేపణలను త్రోసిపుచ్చరాదు. పిల్లల కందు ఎత్తున, మిఠాయిల సరసన ఉంచుట అమ్మకపు యుక్తియే గాని ఆరోగ్యదృష్టి కాదు. వానికి తగిన చోటు సబ్బులు, ప్యాడ్లు, దూది యుండు అర. పెట్టెలపై బొమ్మలు వస్తుగుణముకంటె ఉద్రేకమునే అమ్మజూపుచున్నవన్న మాటయు నిజమే. కామసూత్ర అను పేర 1991లో వచ్చిన సరకుయొక్క ప్రకటనలతో ఆ ధోరణి దేశమున స్థిరపడినది. 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము టెలివిజన్‌లో ఈ ప్రకటనలు రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకే చూపవలెనని సూచించినదియు అందుచేతనే. కాని ప్రకటన అసభ్యమైనచో దిద్దవలసినది ప్రకటనను. వస్తువును బల్లక్రిందికి నెట్టినందున ప్రకటనలో మర్యాద పెరుగదు. లైంగిక విలాసోపకరణములని పిలువబడు ఇతర వస్తువుల ప్రశ్న వేఱు. అవి అసభ్యములా కావా అని సుంకపుశాఖవారితో దిగుమతిదారులు న్యాయస్థానములలో నేటికిని వాదించుచున్నారు. ఆ వివాదము తేలువఱకు ఆరోగ్యసాధనముల అరను అందులోనికి లాగుట న్యాయము కాదు.

ఒక్క సంగతి విచారింపవలసియున్నది. 1968లో ఈ పొట్లము అంగటికి వచ్చినది జనాభా తగ్గింప దలచిన ప్రభుత్వము కొఱకు. తరువాత రహదారి కెక్కినది వ్యాధి నరికట్టదలచిన ప్రచారకుల కొఱకు. ప్రభుత్వముల ఉద్దేశములు స్థిరములు కావు. ఇద్దఱికి మించి సంతానము గలవారు స్థానిక సంస్థల ఎన్నికలలో నిలువరాదని 1994 పంచాయతీరాజ్ చట్టమున శాసించిన ఆంధ్రప్రదేశమే, సంతానోత్పత్తి రేటు 1.7కు దిగిన పిదప, 2024 నవంబరులో ఆ నిబంధనను రద్దుపఱచి, నేడు బిడ్డలను కనుడని హితవు చెప్పుచున్నది. ఏలికల అవసరమునుబట్టి అరపై నుంచి, అవసరము తీరగనే దించుటకు ఇది యెరువుల సబ్సిడీ కాదు. బిడ్డ కావలెనా, ఎప్పుడు కావలెను, రోగమునుండి తన్ను తాను కాపాడుకొనుట యెట్లు అనునవి ఆలుమగలు నిర్ణయించుకొనవలసిన విషయములు. ఆ నిర్ణయమునకు సాధనము ఉప్పు, పప్పులతో సమానముగా, అడుగకయే దొరకునట్లుండుట మర్యాదకు భంగము కాదు. భంగమైనది, ఈ సీమ స్త్రీలలో అంతమంది శస్త్రచికిత్స బల్ల నెక్కుటయే సులభమనిపించునంతగా, పదునైదు పైసల పొట్లమును అర్ధశతాబ్దికాలము చీకటిసరకుగా నుంచుటయే.