అరవై సెంట్ల లెక్క

"ఆడపిల్ల ఆడ పిల్లే గాని ఈడ పిల్ల కాదు" అనే మాట వినకుండా మన తరం ఆడవాళ్ళెవరూ పెరగలేదు. సరదాగా అన్నా, బాధగా అన్నా ఆ మాట వెనక పొలం లెక్క ఒకటి ఉంది. చట్టాలంటే వకీళ్ళ వ్యవహారం, మనకెందుకులే అనుకుంటాం గానీ, మన ఇళ్ళల్లో ఎవరు ఎవరితో మాట్లాడతారో, సంక్రాంతికి ఎవరిని పిలుస్తారో, ముసలితనంలో ఎవరు ఎవరి పంచన ఉంటారో చాలావరకు ఆ లెక్కే తేల్చింది. మా ఇంట్లో మూడు తరాల్లో నేను చూసింది చెబుతాను.

మా నాన్నగారి మేనత్త ఒకావిడ మా ఇంట్లోనే ఉండేది. మేమంతా మామ్మ అనేవాళ్ళం. పిల్లలు కలగకుండానే భర్త పోయాడు. ఆ రోజుల్లో ఉమ్మడి కుటుంబంలో మగవాడు పోతే అతని భాగం మిగిలిన మగవాళ్ళకే చెందేది. భార్యకు దక్కేది మనోవర్తి, అంటే తిండీ బట్టా. 1937లో వచ్చిన చట్టం భర్త వాటా వితంతువుకు ఇచ్చింది గానీ, అది ఆవిడ బ్రతికున్నంత కాలానికే. అనుభవించవచ్చు, ఇష్టం వచ్చినట్టు అమ్మడానికి లేదు. పైగా ఆ చట్టం వ్యవసాయ భూములకు వర్తించదని తేలింది. మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి కదా, అక్కడ దాన్ని పొలాలకు కూడా వర్తింపజేసింది 1947లో. పొలం తప్ప మరో ఆస్తి లేని ఇళ్ళకు ఆ పదేళ్ళూ ఆ చట్టం ఉన్నా లేనట్టే.

మామ్మకు మాత్రం బావగారు ఎకరంన్నర మనోవర్తి కింద రాసిచ్చాడు. "నీ జీవితకాలం తిను, తరువాత మాది" అని కాగితంలో ఉంది. ఏటా కౌలు ధాన్యం బస్తాలు దిగుతుంటే మామ్మ అరుగు మీద కూర్చుని లెక్కపెట్టుకునేది.

1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. దాని వెనక పెద్ద పోరాటమే ఉంది. హిందూ కోడ్ బిల్లు ముందుకు కదలకపోవడం 1951లో అంబేద్కర్ గారు న్యాయశాఖ మంత్రి పదవి వదులుకోవడానికి ఒక ముఖ్య కారణం. తరువాత ఆ బిల్లునే ముక్కలు చేసి ఒక్కొక్కటిగా చట్టాలు చేశారు. ఈ వారసత్వ చట్టంలో 14వ సెక్షన్ అని ఒకటుంది. ఆడదాని చేతిలో ఉన్న ఆస్తి ఇక జీవితకాలపు హక్కు కాదు, పూర్తి హక్కు అంటుంది. మనోవర్తికి బదులుగా ఇచ్చినదానికి కూడా ఇది వర్తిస్తుందా లేదా అన్నది కోర్టుల్లో చాలా ఏళ్ళు నలిగింది.

అది తేల్చిన కేసు మన తెలుగు వితంతువుదే. తులసమ్మగారి భర్త 1931లో పోయాడు. ఆవిడ మరిదితో మనోవర్తి కోసం వ్యాజ్యం వేసి, 1949లో రాజీ కింద కొంత ఆస్తి జీవితకాలానికి పుచ్చుకుంది. తరువాత అందులో కొంత అమ్మితే, అమ్మే హక్కు నీకెక్కడిదని మరిది కోర్టుకెక్కాడు. హైకోర్టులో ఆవిడ ఓడిపోయింది. 1977లో సుప్రీంకోర్టు మాత్రం ఆవిడ వైపే తీర్పు చెప్పింది. మనోవర్తి అనేది దయ కాదు, భార్యకు ముందునుంచీ ఉన్న హక్కు, ఆ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి పూర్తిగా ఆవిడదే అన్నది ఆ తీర్పు సారం.

మామ్మ బావగారి పిల్లలు వచ్చి పొలం సంగతి ఎత్తినప్పుడు మా నాన్నగారు ఒక ప్లీడరు గారిని అడిగితే, ఆయన ఈ తీర్పు సంగతి చెప్పారు. మామ్మకు చదువు రాదు. విని, "ఎవరో తులసమ్మట, నా పొలం కూడా గెలిపించింది" అంది. తరువాత అర ఎకరం అమ్మి కళ్ళ ఆపరేషన్ చేయించుకుంది, కాశీ వెళ్ళివచ్చింది. ఎవరినీ రూపాయి అడగలేదు.

ఇక కూతుళ్ళ సంగతి. 1956 చట్టం తండ్రి స్వార్జితంలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కొడుకుతో సమానంగా కూతురికీ భార్యకూ వాటా ఇచ్చింది. ఉమ్మడి ఆస్తి దగ్గరకొచ్చేసరికి మాత్రం మెలిక పెట్టింది. పుట్టుకతో హక్కు కొడుకులకే. కూతురికి వచ్చేది తండ్రి భాగంలో భాగం. ఇల్లయితే మరీ దారుణం. అన్నదమ్ములు పంచుకుంటే తప్ప ఆడపిల్ల తన వాటా పంచమని అడగకూడదు. పెళ్ళయి కాపురం చేసుకుంటున్న కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా లేదు. నేను పుట్టిన ఇంట్లో నాకొక గది అడిగే హక్కు లేదని తెలిసినప్పుడు నాకు నలభై ఏళ్ళు.

1985లో ఎన్.టి.రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా మన రాష్ట్రం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశంలో ఇలా ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఇచ్చాయి. అయితే మన చట్టానికి ఒక గీత ఉంది, 1985 సెప్టెంబరు 5. ఆ తేదీకి ముందు పెళ్ళయిన కూతుళ్ళకు ఇది వర్తించదు.

నా పెళ్ళి 1979లో. మా చెల్లెలి పెళ్ళి 1988లో.

మా నాన్నగారు 1996లో పోయారు. పన్నెండెకరాల ఉమ్మడి పొలం. ఇద్దరు అన్నయ్యలు, మేమిద్దరం, అమ్మ. చెల్లెలికి హక్కుంది కాబట్టి నాన్న, అన్నయ్యలు, చెల్లెలు కలిసి నాలుగు భాగాలు, తలా మూడెకరాలు. నాన్న మూడెకరాలు మళ్ళీ మా అయిదుగురికీ పంచితే తలా అరవై సెంట్లు. అంటే చెల్లెలికి మూడెకరాల అరవై సెంట్లు, నాకు అరవై సెంట్లు. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే కంచంలో తిన్నాం. తొమ్మిదేళ్ళ తేడాతో తాళి కట్టించుకున్నందుకు మూడెకరాల తేడా.

అన్నయ్యలు ఇద్దరినీ హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెద్దన్నయ్య చెడ్డవాడు కాదు. "మీ పెళ్ళిళ్ళకి చేసిన అప్పు తీర్చింది ఈ పొలమేనమ్మా" అన్నాడు. అదీ నిజమే. చెల్లెలు మాత్రం, "అన్నయ్యా, నాకు ఇద్దరు ఆడపిల్లలు. నాదే నేను వదిలేసుకుంటే రేపు వాళ్ళకేం చెప్పను?" అంది. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. అసలు కట్నం అనే జాడ్యం తగ్గాలనే ఉద్దేశం ఆ చట్టంలోనే రాసి ఉంది. చివరికి చెల్లెలి పేరున మూడెకరాల అరవై సెంట్లు రిజిస్టరయ్యాయి. ఆరేళ్ళపాటు దానికి పుట్టింటి నుంచి పండక్కి పిలుపు రాలేదు. నేను నా అరవై సెంట్లు అమ్మ పేరున రాశాను.

ఎందుకంటే, లెక్క వేస్తుంటే నాకొక సంగతి కనిపించింది. పాత పద్ధతిలో అయితే నాన్నా అన్నయ్యలూ మూడు భాగాలు. నాన్న నాలుగెకరాల్లో అమ్మకు ఎనభై సెంట్లు వచ్చేవి. 1985 చట్టంతో అరవై అయ్యాయి. 2005 సెప్టెంబరు 9న దేశమంతటికీ వచ్చిన సవరణ పెళ్ళి తేదీ గీతను చెరిపేసింది, ఇంటి మెలికనూ తీసేసింది. ఆ ప్రకారం పంచితే పిల్లలం నలుగురికీ తలా రెండెకరాల ఎనభై ఎనిమిది సెంట్లు, అమ్మకు నలభై ఎనిమిది. కూతురికి పెరిగిన కొద్దీ తల్లికి తగ్గింది! కోడలిగా వచ్చి యాభై ఏళ్ళు ఆ పొలానికి అన్నం మోసిన మనిషికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు ఉండదు కదా, ఆవిడ పుట్టింది అక్కడ కాదు. పుట్టింట్లో ఈడ పిల్ల అయ్యాం గానీ, అత్తింట్లో ఇంకా ఆడ పిల్లలమే.

అమ్మ ఆ ఎకరం ఇరవై సెంట్లూ కౌలుకిచ్చి, మందులూ మనవల చేతిలో పెట్టే డబ్బులూ దాంట్లోంచే చూసుకుంది. ఆవిడ పేరున పాసుపుస్తకం ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఆవిడ మాటకు విలువుంది. చెల్లెల్ని మళ్ళీ పండక్కి పిలిపించింది కూడా అమ్మే. "నా కౌలు డబ్బుతో నా కూతురికి చీర పెడతాను, మీరు ఎదురుగా కూర్చుంటే చాలు" అంది కొడుకులతో.

మాది 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకం కాబట్టి 2005 సవరణ దాన్ని కదిలించదు. మీ ఇళ్ళల్లో పంపకం ఇంకా కాకపోతే సంగతి వేరు. ఆ సవరణ నాటికి తండ్రి బ్రతికి లేకపోయినా కూతురికి హక్కుంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వాటా తీసుకోవడమా, అన్నదమ్ములకు వదిలేయడమా అన్నది ఎవరి మనసుకు వాళ్ళు చెప్పుకోవలసిన జవాబు. వదిలేసేది ఎంతో తెలిసి వదిలేస్తేనే అది ప్రేమ అవుతుంది.

మా ఇల్లు ఇప్పుడు మా ఇద్దరి పేర్ల మీద ఉంది. మావారు వీలునామా రాస్తూ "పిల్లలిద్దరికీ సమానంగా" అన్నారు. "ముందు నన్ను రాయండి, తరువాత పిల్లల్ని" అన్నాను. ఆయన నవ్వి, కాగితం మొదటినుంచి మళ్ళీ రాశారు.